ఎల్2 ఒకే అడ్రస్ దగ్గర గిరగిరా తిరుగుతోందా? ముందు ఎనిమిదో బిట్ చూడు

తమ్ముడూ, నువ్వు 'అన్నా' అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ నువ్వనే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. నీ ప్రశ్న చాలా పొడుగుంది. తర్వాత చదివేవాళ్ళ కోసం దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పి జవాబుకొస్తాను.

చిత్తూరు దగ్గర మీ కాలేజీ ల్యాబ్‌లో ఇంటెల్ ప్రాసెసర్, 64 జీబీ మెమరీ ఉన్న సర్వర్ ఒకటి. దాని మీద లినక్స్, అందులో వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడిపే హైపర్‌వైజర్ కేవీఎం. పది మంది పిల్లలకు తలా ఒక 8 జీబీ వీఎం. ఆ వీఎం లోపల వాళ్ళు మళ్ళీ 2 జీబీ వీఎం నడపాలి. సర్వర్‌ను ఎల్0, పిల్లల వీఎంను ఎల్1, దాని లోపలి వీఎంను ఎల్2 అందాం. ఒక బ్యాచ్ మాత్రం లోపల కేవీఎం వాడకుండా సొంతంగా చిన్న హైపర్‌వైజర్ రాసుకుంది. ఇబ్బందులు రెండు. పది మందీ ఒకేసారి మొదలుపెడితే అందరివీ నత్తనడకే. ఆ సొంత హైపర్‌వైజర్‌లో అయితే లోపలి గెస్ట్ బూట్ మొదట్లోనే ఇరుక్కుపోయి, లాగ్‌లో ఒకే ఫిజికల్ అడ్రస్‌తో ఈపీటీ వయొలేషన్ వేలసార్లు పడుతోంది. ఈపీటీ అంటే గెస్ట్ (లోపల నడిచే వీఎం) తన ఫిజికల్ అడ్రస్ అనుకునేదాన్ని అసలు మెమరీ అడ్రస్‌కు మార్చే పట్టిక; అందులో ఎంట్రీయో పర్మిషనో లేకపోతే వచ్చే ఫాల్ట్ వయొలేషన్. అదే కోడ్ ఒక పిల్లాడి పాత లాప్‌టాప్‌లో మాత్రం నడిచింది. పేజ్ టేబుల్ అంటే ప్రోగ్రాం వాడే లీనియర్ అడ్రస్‌ను ఫిజికల్ అడ్రస్‌కు మార్చే పట్టిక. నువ్వు అడిగింది: "లోపలి గెస్ట్ పేజ్ టేబుల్ దగ్గర ఫాల్ట్ వస్తే పట్టుకోవాల్సింది ఎవరు? ఎల్0 అన్నిటినీ ఎల్1కి తోసేస్తే పోదా?"

పోదు. నేనూ ఒకప్పుడు ఇట్లాగే అనుకుని, బెంగళూరులో ఒక కంపెనీలో ఉన్నప్పుడు తొమ్మిది రోజులు ఒకే బగ్ చుట్టూ తిరిగాను. విషయం బుర్రకెక్కింది ఆఫీసులో కాదు, తిరుమలలో. మా చిత్తూరు బావ వాళ్ళ ఊరి నుంచి ముప్పై మందితో కొండకొచ్చాడు, రూములు చూసిపెట్టే పని నా నెత్తిన పడింది. రూములు కేటాయించే సీఆర్ఓ ఆఫీసు ముందు క్యూలో నిలబడి ఉన్నప్పుడు తట్టింది. అదే నీకూ చెప్తాను.

మా బావ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎవరి పేరుకు ఏ స్లిప్పు నంబరో అందులో ఉంటుంది. స్లిప్పు నంబరుకు ఏ కాటేజీలో ఏ రూమో సీఆర్ఓ రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ రూము తాళం, అది ఖాళీనా, కడుగుతున్నారా అన్నది అక్కడి సబ్ ఎంక్వైరీ ఆఫీసులో ఉంటుంది. మనిషి పేరు నుంచి తెరుచుకున్న తలుపు దాకా మూడు చేతులు మారాలి. మా బావ నోటుబుక్కు ఎల్2 సొంత పేజ్ టేబుల్. సీఆర్ఓ రిజిస్టర్ ఎల్1 తన గెస్ట్ కోసం రాసుకున్న ఈపీటీ, దాన్ని ఈపీటీ 12 అందాం. తాళాల బోర్డు ఎల్0 ఎల్1 కోసం ఉంచుకున్న ఈపీటీ 01.

ఇప్పుడు తలుపు తెరుచుకోలేదనుకో. కారణం మూడింటిలో ఒకటి. నోటుబుక్కులో పేరే లేదు: అది మా బావ చూసుకోవాల్సిన పని, సీఆర్ఓకి చెప్పి లాభం లేదు. స్లిప్పుకు రూమే కేటాయించలేదు: సీఆర్ఓకి పోవాలి. రూము కేటాయించారు కానీ ఇంకా కడుగుతున్నారు: సబ్ ఎంక్వైరీలోనే తేలుతుంది, సీఆర్ఓకి వెనక్కి పంపితే వాళ్ళు తిడతారు, ఎందుకంటే వాళ్ళ రిజిస్టర్‌లో అంతా సరిగ్గానే ఉంది.

నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఫాల్ట్ ఎవరికి చేరిందని కాదు, ఎంట్రీ ఎవరి టేబుల్‌లో లేదని చూడాలి. ఎల్2 సొంత టేబుల్‌లో లేకపోతే అది మామూలు పేజ్ ఫాల్ట్, వెక్టర్ (ఫాల్ట్ నంబరు) 14, సీఆర్2 రిజిస్టర్‌లో అడ్రస్. ఎల్1 దాన్ని ఆపమని అడగకపోతే నేరుగా ఎల్2 కెర్నెల్‌కే పోతుంది, పైవాళ్ళెవరూ నిద్రలేవరు. ఈపీటీ 12లో లేకపోతే ఎల్1 తప్పు, ఎల్1కే పంపాలి. ఈపీటీ 12లో ఉండి కింద ఎల్0 మెమరీ ఇవ్వకపోతే ఎల్0 చక్కదిద్ది, ఎల్1కి చెవిన కూడా వేయకుండా ఎల్2ని కొనసాగించాలి. ఈ మూడోదాన్ని ఎల్1కి తోశావనుకో, అది తన టేబుల్ చూసి "అన్నీ ఉన్నాయే" అని తిరిగి పంపుతుంది, మళ్ళీ అదే ఫాల్ట్. లూప్.

అయితే ప్రాసెసర్‌కు ఈ మూడు చేతుల సంగతి తెలియదు. దానికి తెలిసింది రెండే: గెస్ట్ టేబుల్, దాని కింద ఒక ఈపీటీ. కాబట్టి ఎల్0 ఆ రెండు ఈపీటీలనూ కలిపి మూడోది తయారుచేస్తుంది, ఈపీటీ 02. స్లిప్పు నంబరు నుంచి నేరుగా తాళం దాకా సబ్ ఎంక్వైరీ గుమాస్తా రాసుకున్న షార్ట్‌కట్ కాపీ అనుకో. ఐబీఎం హైఫా ల్యాబ్ వాళ్ళు 2010లో టర్టిల్స్ ప్రాజెక్టులో వివరించిన పద్ధతి ఇదే. తాబేలు మీద తాబేలు అని వాళ్ళ పేరు. మందర పర్వతం కింద కూర్మం దూరిన కథ తెలిసినవాళ్ళం మనం, మనకు కొత్తగా వివరించక్కర్లేదు.

ఈ కాపీ మొదట ఖాళీగా ఉంటుంది. అందుకే ఈపీటీ వయొలేషన్ వచ్చినప్పుడు, అంటే ఎగ్జిట్ (గెస్ట్ ఆగి పగ్గాలు హైపర్‌వైజర్‌కు రావడం) రీజన్ 48 వచ్చినప్పుడు, హార్డ్‌వేర్ చెప్పేది "కాపీలో లేదు" అని మాత్రమే. తప్పు ఎవరిదో చెప్పదు. ఎల్0 అప్పుడు ఎల్1 మెమరీలో ఉన్న ఈపీటీ 12ని సాఫ్ట్‌వేర్‌తో అంతస్తు అంతస్తుగా నడిచి చూడాలి. కేవీఎం చేసేది అదే. నడకలో ఎంట్రీ లేకపోయినా, పర్మిషన్ చాలకపోయినా ఎల్1కి ఈపీటీ వయొలేషన్ తయారుచేసి ఇస్తుంది. ఎంట్రీ చెల్లని రూపంలో ఉంటే ఈపీటీ మిస్‌కాన్ఫిగరేషన్ ఇస్తుంది, రీజన్ 49. అన్నీ బాగుంటే కాపీలో ఎంట్రీ పెట్టి ముందుకు పోతుంది.

ఇక్కడి దాకా చాలామంది చెప్తారు. మీ పిల్లల లూప్ దీని తర్వాత ఉంది.

మా బావ నోటుబుక్కు ఎక్కడ ఉంది? సంచిలో. సంచి ఎక్కడ ఉంది? ముందే దిగిన ఒక రూములో. ఎవరు ఎక్కడో తెలియాలంటే నోటుబుక్కు కావాలి, నోటుబుక్కు కావాలంటే ముందు ఆ రూము తెరవాలి. గెస్ట్ పేజ్ టేబుల్ కూడా అంతే. అది గాల్లో ఉండదు, గెస్ట్ మెమరీలోనే ఒక పేజీ. ప్రాసెసర్ దాన్ని చదవాలన్నా ఈపీటీ గుండానే పోవాలి. ఎల్2 టేబుల్ నాలుగంతస్తులు, ఈపీటీ నాలుగంతస్తులు అనుకుంటే, ఒక్కో గెస్ట్ ఎంట్రీకి ఈపీటీలో నాలుగు, ఎంట్రీ కోసం ఒకటి, కలిపి అయిదు. నాలుగంతస్తులకు ఇరవై. చివర అసలు డేటా అడ్రస్ కోసం మరో నాలుగు. మొత్తం 24 మెమరీ రిఫరెన్సులు. రెండూ అయిదంతస్తులైతే 35. టీఎల్‌బీలో (ఇటీవలి అడ్రస్ అనువాదాలను ప్రాసెసర్ దాచుకునే చోట) దొరికితే కొండకు బస్సెక్కినట్టు, దొరకకపోతే మెట్ల దారే.

ఆ లెక్కలో ఒక సంగతి గమనించు. ఒక్క అడ్రస్ కోసం ఈపీటీని అయిదుసార్లు మొదటి నుంచి నడవాలి, అందులో నాలుగు పేజ్ టేబుల్ పేజీల కోసమే. డేటా కోసం ఒక్కటే. అంటే ఖాళీ కాపీతో మొదలైన ఎల్2లో తొలి వయొలేషన్లు డేటా దగ్గర కాదు, టేబుల్ పేజీల దగ్గరే వస్తాయి.

ఆ తేడా చెప్పేది ఎగ్జిట్ క్వాలిఫికేషన్‌లో (ఎగ్జిట్ ఎందుకొచ్చిందో వివరించే ఫీల్డ్‌లో) ఎనిమిదో బిట్, సున్నా నుంచి లెక్కపెడితే. ఏడో బిట్ 1 అయితే లీనియర్ అడ్రస్ చెల్లుతుంది, అప్పుడే ఎనిమిదోదానికి అర్థం ఉంటుంది. ఎనిమిది 1 అయితే ఫాల్ట్ చివరి డేటా అడ్రస్‌ది. 0 అయితే దారిలో ఉన్న పేజ్ టేబుల్ పేజీది. నా తొమ్మిది రోజులు పోయింది ఇక్కడే. లాగ్‌లో లీనియర్ అడ్రస్, గెస్ట్ ఫిజికల్ అడ్రస్ పక్కపక్కన ప్రింట్ చేసి, "ఈ లీనియర్ అడ్రస్ ఈ ఫిజికల్ పేజీకి మ్యాప్ అయింది" అని నమ్మేశాను. ఎనిమిదో బిట్ 0 అయినప్పుడు ఆ రెంటికీ ఆ సంబంధం లేదు. లీనియర్ అడ్రస్ ప్రాసెసర్ పోవాలనుకున్న చోటు. ఫిజికల్ అడ్రస్ దారిలో అది తట్టుకుని పడిన టేబుల్ పేజీ. మా బావ కోసం బయల్దేరి సంచి ఉన్న రూము ముందు ఆగిపోతే, బావ ఆ రూములోనే ఉన్నాడని అనుకోవడం లాంటిది.

ఇప్పుడు మీ లూప్. నువ్వు పంపిన హ్యాండ్లర్ కోడ్ సారాంశం ఇది: సున్నా బిట్, అంటే రీడ్, ఉంటే రీడ్, ఎగ్జిక్యూట్ పర్మిషన్లు ఇస్తారు, లేకపోతే, ఒకటో బిట్, అంటే రైట్, ఉంటే రైట్ ఇస్తారు. ఆ "లేకపోతే" అన్న మాటే కొంప ముంచింది.

ఈపీటీ పాయింటర్‌లో ఆరో బిట్ పెట్టి యాక్సెస్డ్, డర్టీ ఫ్లాగులు (పేజీని ముట్టుకున్నారా, రాశారా అని గుర్తుంచే బిట్లు) ఆన్ చేస్తే, గెస్ట్ పేజ్ టేబుల్ ఎంట్రీని ప్రాసెసర్ ముట్టుకున్న ప్రతిసారీ ఈపీటీ దాన్ని రాత కిందే లెక్కేస్తుంది, నిజానికి చదివింది మాత్రమే అయినా సరే. అక్కడ వయొలేషన్ వస్తే సున్నా, ఒకటి బిట్లు రెండూ 1 అవుతాయి. మీ హ్యాండ్లర్ మొదటి బిట్ చూసి, రీడ్ ఇచ్చి, "అయిపోయింది" అని వెనక్కి పంపుతుంది. ప్రాసెసర్‌కు కావలసింది రైట్. మళ్ళీ వయొలేషన్, మళ్ళీ రీడ్. తెల్లారేదాకా ఇంతే.

మరి మిగతా పేజీలకు ఎందుకు రాలేదంటావా? ఎల్2 తాను స్వయంగా రాసిన టేబుల్ పేజీలకు, ఆ రాసేటప్పుడే రైట్ పర్మిషన్ వచ్చేసి ఉంటుంది. కెర్నెల్ ఇమేజ్‌తో పాటు మీ లోడర్ పెట్టిన తొలి టేబుళ్ళను మాత్రం ఎల్2 రాయలేదు, నేరుగా వాడటం మొదలుపెట్టింది. అందుకే బూట్ మొదట్లోనే ఇరుక్కుంది. పాత లాప్‌టాప్ సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. ఈపీటీకి ఈ ఫ్లాగులు 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లతో వచ్చాయి. అది అంతకు ముందుదై ఉంటుంది. మీ కోడ్ ఆ సౌకర్యం ఉందో లేదో చూసి, ఉంటేనే ఆరో బిట్ పెడుతోంది కదా, అక్కడ పెట్టలేదు. అక్కడ ముందు రీడ్ వచ్చి, ఆ తర్వాత యాక్సెస్డ్ బిట్ పెట్టే రాత విడిగా వచ్చి, రెండు శాఖలకూ పని దొరికింది.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే సరిచూసుకో. ఇరుక్కున్న అడ్రస్ దగ్గర క్వాలిఫికేషన్‌ను దశాంశంలో ప్రింట్ చెయ్, కింది తొమ్మిది బిట్లు మాత్రమే తీసుకో. 171 రావాలి. రీడ్ 1, రైట్ 2, ఆ ఎంట్రీకి అప్పటికే రీడ్ ఉందని చెప్పే మూడో బిట్ 8, ఎగ్జిక్యూట్ ఉందని చెప్పే అయిదో బిట్ 32, లీనియర్ అడ్రస్ చెల్లుతుందని 128. ఎనిమిదో బిట్ లేదు చూడు, అదే సంతకం. మొదటిసారి వచ్చినప్పుడు ఎంట్రీయే లేదు కాబట్టి 131 ఉంటుంది, రెండోసారి నుంచి 171.

దిద్దుబాటు చిన్నదే. సున్నా, ఒకటి, రెండు బిట్లలో ఏవేవి ఉన్నాయో అన్నీ కలిపి అడిగినవన్నీ ఒకేసారి ఇవ్వాలి. రైట్ ఇచ్చేటప్పుడు రీడ్ తప్పనిసరిగా జత చెయ్యాలి. రీడ్ లేని రైట్ ఈపీటీలో చెల్లదు, రీజన్ 49 వచ్చి కూర్చుంటుంది. డేటా పేజీల దగ్గర కూడా ఈ "లేకపోతే" ప్రమాదమే. చదివి, మార్చి, రాసే ఇన్‌స్ట్రక్షన్‌కు రైట్ బిట్ ఖాయంగా వస్తుంది, రీడ్ బిట్ కూడా వస్తుందా లేదా అన్నది ప్రాసెసర్‌ను బట్టి ఉంటుందని ఇంటెల్ మాన్యువలే చెబుతోంది.

ఏఎండీ మీద చేసేవాళ్ళకు ఒక్క మాట. అక్కడ ఇట్లా ఆన్, ఆఫ్ లేదు. గెస్ట్ పేజ్ టేబుల్ నడకను నెస్టెడ్ టేబుల్ (ఏఎండీలో ఈపీటీ లాంటిది) ఎప్పుడూ యూజర్ రాత కిందే చూస్తుంది. ఫాల్ట్ చివరి అడ్రస్‌దా, టేబుల్‌దా అన్నది ఎగ్జిట్ ఇన్ఫో 1లో 32, 33 బిట్లు చెబుతాయి.

ఈ లూప్ పోయాక మీకు ఇంకో గొయ్యి ఎదురవుతుంది, ముందే చెప్తున్నా. ఎల్2కి టైమర్ ఇంటరప్ట్ అందుతున్న మధ్యలోనే, దాని స్టాక్ పేజీ ఈపీటీలో లేక వయొలేషన్ రావచ్చు. అప్పుడు ఇంటరప్ట్ సగంలో ఆగిపోయినట్టు. ఐడీటీ వెక్టరింగ్ ఇన్ఫర్మేషన్ అనే ఫీల్డ్‌లో దాని వివరం ఉంటుంది. ఎల్1 ఫాల్ట్ దిద్దాక ఆ ఇంటరప్ట్‌ను మళ్ళీ ఎక్కించాలి. మరచిపోతే అది శాశ్వతంగా మాయం. గెస్ట్ చావదు, బతకదు, గడియారం మాత్రం ఆగిపోతుంది. దొరకడం చాలా కష్టమైన జబ్బు.

పర్మిషన్ పెంచినప్పుడు ఇన్వెప్ట్ (దాచుకున్న ఈపీటీ అనువాదాలను చెరిపే ఇన్‌స్ట్రక్షన్) అక్కర్లేదు. తగ్గించినప్పుడు, ఎంట్రీ తీసేసినప్పుడు తప్పనిసరి. నెస్టెడ్‌లో (వీఎం లోపల వీఎం నడిపేటప్పుడు) ఎల్0 దగ్గరున్న ఆ కాపీ మీకు ఒక పెద్ద టీఎల్‌బీ లాంటిది. మీరు చెప్పేదాకా అందులో పాత ఎంట్రీలు ఉండిపోవచ్చు.

ఇక నత్తనడక. దీనికి ఎక్కువ రహస్యం లేదు, చాకిరీ లెక్క ఉంది. ఎల్2 ఒక కొత్త పేజీ మొదటిసారి ముట్టుకుంటే: కాపీలో లేదని ఎల్0కి ఎగ్జిట్. ఈపీటీ 12లోనూ లేదని ఎల్1కి తిప్పి పంపడం. ఎల్1 తన పని చేసి వీఎం రెజ్యూమ్ (గెస్ట్‌ను కొనసాగించే ఇన్‌స్ట్రక్షన్) ఇస్తే అది మళ్ళీ ఎల్0కి ఎగ్జిట్. ఎల్0 ఎల్2ని లేపితే, కాపీ ఇంకా ఖాళీయే కదా, ఇంకో వయొలేషన్. ఇప్పుడు ఎల్0 ఈపీటీ 12 చూసి కాపీ నింపుతుంది. అంటే ఒక్క తొలి తాకిడికి వయొలేషన్లే కనీసం రెండు. ఎల్1 తన ఈపీటీలో రాసిన పేజీని ఎల్0 రైట్ ప్రొటెక్ట్ చేసి ఉంటే ఇంకోటి. ఎల్1కే ఆ పేజీ ఇంకా దొరకకపోయి ఉంటే మరోటి.

దీన్ని 2 జీబీ గెస్ట్‌కు లెక్కేయి. 4 కేబీ పేజీలైతే 5,24,288. 2 ఎంబీ పేజీలైతే 1,024. నువ్వు చూసిన "లక్షల్లో వయొలేషన్లు" ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైందా? కాబట్టి హ్యూజ్ పేజీలు (ఆ 2 ఎంబీవి) వాడు, ఎల్0లో, ఎల్1లో రెండు చోట్లా వాడు. కాపీలో పేజీ సైజు రెండు టేబుళ్ళలో ఏది చిన్నదైతే అదే అవుతుంది. ఎల్0లో 2 ఎంబీ ఇచ్చి ఎల్1లో 4 కేబీ వదిలేస్తే ఏమీ ఇవ్వనట్టే.

దానికంటే ముందు ఒకటి చూడు, అయిదు నిమిషాల పని. పిల్లల వీఎం లోపలికి పోయి కేవీఎం ఇంటెల్ మాడ్యూల్ పారామీటర్లలో ఈపీటీ ఆన్‌లో ఉందా చూడు. ఎల్0లో నెస్టెడ్ అన్నది లినక్స్ 4.20 నుంచి ఇంటెల్‌కు మామూలుగానే ఆన్ ఉంటుంది. కానీ వీఎంకు సీపీయూ మోడల్ తప్పుగా ఇస్తే ఎల్1కి ఈపీటీ కనిపించకపోవచ్చు. అప్పుడది షాడో పేజింగ్‌కు (ఈపీటీ లేకుండా, గెస్ట్ పేజ్ టేబుల్‌కు హైపర్‌వైజరే నకలు రాసుకునే పాత పద్ధతికి) దిగుతుంది, ఎల్2లో వచ్చే ప్రతి మామూలు పేజ్ ఫాల్ట్ కూడా ఎల్0 మీదుగా ఎల్1కి ప్రయాణం కడుతుంది. సీపీయూ మోడల్‌ను హోస్ట్ పాస్‌త్రూ (సర్వర్ ప్రాసెసర్‌నే వీఎంకు చూపడం) చెయ్.

తర్వాత మెమరీ. 8 జీబీ చొప్పున పది మంది అంటే 80, నీ దగ్గర ఉన్నది 64, అందులో సర్వర్‌కూ కొంత కావాలి. పది మందీ ఒకేసారి మొదలుపెట్టినప్పుడే పాకుతోందంటే, ఎల్0 స్వాప్‌కు పోతోందని నా అనుమానం. నేను చెప్పిన మూడో రకం ఫాల్ట్ ఇది. ఎల్1కి ఏమీ తెలియదు, దాని టేబుల్ అంతా శుభ్రంగా ఉంటుంది, కింద ఎల్0 డిస్క్ నుంచి పేజీ తెచ్చేదాకా ఎల్2 గుడ్లప్పగించి చూస్తుంది. తలా 5 జీబీకి దించు, మెమరీ ముందే కేటాయించు, కేఎస్ఎం ఆపేయ్. అది ఒకేలాంటి పేజీలు కలపబోయి నీ హ్యూజ్ పేజీలను ముక్కలు చేస్తుంది.

ఎల్2కి ఎనిమిది వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు) ఇస్తే త్వరగా బూట్ అవుతుందని ఒక పిల్లాడు పెట్టాడన్నావు. ఒకటో రెండో చాలు. ఎల్1 లాంటి మామూలు గెస్ట్ ఫాల్టులను ఒకేసారి సమాంతరంగా తీర్చే టీడీపీ ఎంఎంయూ అనే కేవీఎం కోడ్ లినక్స్ 5.10లో వచ్చింది, ఆ సమాంతర పని 5.12లో చేరింది. నెస్టెడ్ కాపీ మాత్రం ఇప్పటికీ పాత షాడో కోడ్ మీదే నడుస్తోంది. అక్కడ ఆ వీఎం మొత్తానికీ లాక్ ఒకటే. ఎనిమిది వీసీపీయూలూ ఫాల్ట్ కొడితే ఒకదాని వెనక ఒకటి క్యూ.

మార్పులు చేసే ముందు, చేశాక కొలిచి చూడు. సర్వర్ మీద పర్ఫ్ అనే లినక్స్ కొలత సాధనంలో కేవీఎం నెస్టెడ్ వీఎంఎగ్జిట్, కేవీఎం నెస్టెడ్ వీఎంఎగ్జిట్ ఇంజెక్ట్ అనే రెండు ట్రేస్ పాయింట్లు లెక్కపెట్టు. మొదటిది ఎల్2 నుంచి వచ్చినవన్నీ. రెండోది అందులో ఎల్1కి తిప్పి పంపినవి. రీజన్ 48 వరకే వేరు చేసి చూడు. తిప్పి పంపినవే ఎక్కువ ఉంటే పిల్లల వీఎం లోపల హ్యూజ్ పేజీలు సరిగ్గా పడలేదు. తిప్పి పంపినవి తక్కువగా ఉండి మొత్తం మాత్రం ఎక్కువగా ఉంటే సమస్య నీ సర్వర్‌దే.

హ్యాండ్లర్ మార్చాక కూడా ఎల్2 ఆగితే, ఆగిన చోట వచ్చిన క్వాలిఫికేషన్, గెస్ట్ ఫిజికల్ అడ్రస్, ఐడీటీ వెక్టరింగ్ ఫీల్డ్, ఈ మూడూ ఇక్కడే కింద పెట్టు. లీనియర్ అడ్రస్ వద్దు.